పాఠం చెప్పడం ఎవరు నేర్పాలి?



ఒకటో తరగతి పిల్లవాడికి అఆలు దిద్దించాలంటే డీఎడ్ చదివి ఉండాలి. ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పాలంటే బీఎడ్ ఉండాలి. అది రెండేళ్ల చదువు. అందులో భాగంగా బడికి వెళ్లి, ఎవరైనా పెద్దవాళ్లు వెనక బెంచీలో కూర్చుని చూస్తుండగా పాఠాలు చెప్పి రావాలి. ఆ పైన టెట్ రాయాలి. డిగ్రీ కళాశాలలోనో యూనివర్సిటీలోనో చెప్పడానికి మాత్రం బోధన నేర్చుకున్నట్టు ఏ కాగితమూ చూపించనక్కర్లేదు. పీజీలో మార్కులుండి, నెట్ గానీ సెట్ గానీ పీహెచ్‌డీ గానీ ఉంటే చాలు. నెట్‌లో మొదటి పేపరు బోధన, పరిశోధన సామర్థ్యాల మీదే ఉంటుంది. 50 ప్రశ్నలు, 100 మార్కులు. ఇచ్చిన నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. ఆ పరీక్ష పాసైన పిల్లలు తెలివైనవాళ్లు, ఏళ్ల తరబడి కష్టపడ్డవాళ్లు. కానీ అరవైమంది ఎదుట నిలబడి మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో, చివరి వరసలో కూర్చున్న అమ్మాయికి అర్థమైందో లేదో ఎలా కనిపెట్టాలో ఆ పేపరు నేర్పదు.

ఈరోజు నేను మాట్లాడదలచుకున్నది యూనివర్సిటీల్లో పరిశోధన చేస్తూ, అదే సమయంలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే యువతీయువకుల గురించి. బయటి దేశాల్లో వీళ్లను టీచింగ్ అసిస్టెంట్లంటారు. మన ఐఐటీల్లోనూ ఆ మాట ఉంది. గేట్ రాసి ఎంటెక్‌లో చేరిన విద్యార్థికి నెలకు 12,400 రూపాయలిచ్చి, వారానికి ఎనిమిది గంటలు అధ్యాపకుడికి సాయపడమంటారు. ఉస్మానియాలో, దాని అనుబంధ కళాశాలల్లో మాత్రం మనం వినే పేర్లు వేరు. స్కాలర్ అంటారు, గెస్ట్ ఫ్యాకల్టీ అంటారు, పార్ట్‌టైమ్ లెక్చరర్ అంటారు. పేరు ఏదైనా పని ఒక్కటే. పొద్దున తార్నాకలో సొంత ప్రయోగం, మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్ దాటి పాతబస్తీలో ఎవరో వదిలేసిన పీరియడ్లు.

2022 నవంబరులో యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలను కొత్తగా రాసింది. ఏ సబ్జెక్టులో పరిశోధన చేసేవాళ్లైనా సరే, తమ సబ్జెక్టుకు సంబంధించి బోధనలోనూ రచనలోనూ శిక్షణ పొందాల్సిందేనంది. ట్యుటోరియళ్లు, ల్యాబు, మూల్యాంకనం వంటి పనులు వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు అప్పగించవచ్చని కూడా చెప్పింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. శిక్షణ తప్పనిసరి. పని అప్పగించడం వీలును బట్టి. మన డిపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఇది తలకిందులైంది. పని తప్పనిసరి అయింది, శిక్షణ వీలును బట్టి జరుగుతోంది. గైడ్ సెలవు పెడితే ఆయన క్లాసు స్కాలర్ తీసుకోవాల్సిందే. ఆ క్లాసు ఎలా నడిచిందని తిరిగొచ్చాక అడిగే గైడ్‌లు తక్కువ.

పాతబస్తీలో కెమిస్ట్రీ చెప్పినవాణ్ని కాబట్టి ల్యాబు సంగతితో మొదలుపెడతాను. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు టైట్రేషన్. కోనికల్ ఫ్లాస్కులో ఆక్సాలిక్ ఆమ్లం, బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్, రెండు చుక్కల ఫినాఫ్తలీన్. ఎడమచేత్తో బ్యూరెట్ కాక్ పట్టుకోవాలి, కుడిచేత్తో ఫ్లాస్కు తిప్పుతూ ఉండాలి. రంగులేని ద్రావణం లేత గులాబీ రంగుకు తిరిగి, ఆ రంగు నిలవగానే ఆపెయ్యాలి. ఒక్క చుక్క ఎక్కువైతే ముదురు గులాబీ అయిపోతుంది, రీడింగ్ పోతుంది. మొదటిసారి చేసే ప్రతి పిల్లా పిల్లవాడూ ఆ చుక్క దాటిస్తారు. దాటించాలి కూడా.

ఇక్కడ కొత్తగా వచ్చిన స్కాలర్ ఏం చేస్తాడో చూడండి. పిల్ల చేతిలోంచి బ్యూరెట్ లాక్కుంటాడు. "ఇట్లా చెయ్యాలమ్మా" అంటూ తానే తిప్పేస్తాడు. అందమైన లేత గులాబీ రంగు వస్తుంది. పిల్ల ఆ రీడింగ్ రికార్డులో రాసుకుంటుంది, పక్కనున్న ముగ్గురు దాన్ని చూసి రాసుకుంటారు. స్కాలర్‌కి చెడు ఉద్దేశం ఏమీ లేదు. ముప్ఫైమంది ఉన్నారు, గంటన్నరలో ప్రయోగం ముగియాలి, ల్యాబ్ అటెండర్ తాళం వెయ్యడానికి చూస్తున్నాడు. పైగా అతనికి ఆ పని చిన్నప్పుడే చేతికి వచ్చేసింది. వచ్చిన పని చేసి చూపించడం తేలిక. చెయ్యి వెనక్కి కట్టుకుని, పిల్ల పొరపాటు చేస్తుంటే చూస్తూ నిలబడి, ముదురు గులాబీ వచ్చాక "ఎందుకు దాటింది? ఏ దగ్గర నుంచి నెమ్మది చేసి ఉండాల్సింది?" అని అడగడమే కష్టం. ఆ కష్టాన్ని ఎవరో ఒకరు పక్కన నిలబడి నేర్పాలి. పుస్తకం చదివితే రాదు. ఒక మధ్యాహ్నం సీనియర్ అధ్యాపకురాలు ఆ ల్యాబులో మూలన నిలబడి చూసి, అయిపోయాక టీ తాగుతూ "ఇవాళ నాలుగు బ్యూరెట్లు నువ్వే తిప్పావు నాయనా" అంటే చాలు. మర్నాటి ల్యాబు మారిపోతుంది. ఆ మార్పు నేను కళ్లారా చూశాను.

ఇలా పక్కన నిలబడి నేర్పడం మన ఊళ్లోనే ఒకచోట ఉంది, మరోచోట లేదు. నయాపూల్ అవతల సిటీ కాలేజీ ఉంది. హైకోర్టును గీసిన విన్సెంట్ ఎష్ గీసిన భవనమే అదీ. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ అక్కడ లెక్చరర్‌గా పనిచేశారు. మూసీ దాటి ఇవతలికి వస్తే ఉస్మానియా ఆస్పత్రి. అక్కడ కూడా పీజీ విద్యార్థులు తమకంటే చిన్నవాళ్లకు వార్డుల్లో, మంచం పక్కన నిలబడి నేర్పుతారు. కానీ మొదటి ఏడు పీజీ పక్కన రెండో ఏడు పీజీ ఉంటాడు, ఆ పైన సీనియర్ రెసిడెంట్, ఆ పైన అసిస్టెంట్ ప్రొఫెసర్. చేరిన రోజునే ఒంటరిగా కత్తి పట్టుకొమ్మని ఎవరూ అనరు. నదికి ఒక ఒడ్డున ఇంత జాగ్రత్త ఉంది. రెండో ఒడ్డున, కళాశాలలో, కొత్తగా వచ్చినవాడి చేతికి హాజరుపట్టీ, చాక్‌పీసు ఇచ్చి రూమ్ నంబరు చెబుతారు. అంతే. చదువు చెప్పడంలో జరిగే తప్పుకు రక్తం కనిపించదు కాబట్టి మనకు పట్టలేదని అనుకుంటాను.

ఇలా సహాయక బోధకుణ్ని పెట్టుకోవడం కొత్త సంగతేమీ కాదు. పదకొండో శతాబ్దంలో బాగ్దాద్‌లో నిజామియా మదరసా వెలిసిన నాటి నుంచి ఇస్లామీ విద్యాసంప్రదాయంలో ముయీద్ అనే ఉద్యోగం ఉంది. ముదర్రిస్ పాఠం చెబుతాడు. పాఠం అయ్యాక ముయీద్ విద్యార్థులతో కూర్చుని దాన్ని మళ్లీ చెబుతాడు, చిక్కుముళ్లు విప్పుతాడు, వెనకబడ్డవాణ్ని ముందుకు తెస్తాడు. ముయీద్‌ను గొప్ప విద్యార్థుల్లోంచే ఏరేవారు. ఆ పని చేస్తూనే అతను రేపటి ముదర్రిస్ అయ్యేవాడు. గురువు కళ్లముందే అతని బోధన పదునెక్కేది. మదరసా, ముదర్రిస్ అన్న మాటలు నేటికీ ఇళ్లల్లో వినిపించే పాతబస్తీలో ఈ పద్ధతి ఎవరికీ పరాయిది కాదు. ఈ సంబంధాన్ని మన యూనివర్సిటీలు ఎందుకు వదులుకున్నాయా అని చాలాసార్లు బాధపడ్డాను.

ఇప్పుడు భాష సంగతికి వద్దాం. పాతబస్తీలో కొత్త టీచరుకు అన్నిటికన్నా ముందు ఎదురయ్యేది అదే. క్లాసులో మూడోవంతు ఉర్దూ మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్లుంటారు. కొందరు తెలుగు మీడియం, కొందరు గల్లీలోని ఇంగ్లీషు మీడియం స్కూళ్లవాళ్లు. స్కాలర్ ఏ నల్లగొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాడు. పాఠం ఇంగ్లీషులో మొదలుపెడతాడు. పదో నిమిషంలో "సర్, థోడా ఉర్దూ మే సమ్ఝావ్ నా" అని ఒక గొంతు లేస్తుంది. అతనికి బస్సులో మాట్లాడే హిందీ వచ్చు గానీ సబ్జెక్టు చెప్పేంత ఉర్దూ రాదు. తెలుగులో చెబితే సగం తరగతి మూగబోతుంది. ఆ క్షణంలో నూటికి తొంభైమంది చేసే పని నోట్సు డిక్టేట్ చెయ్యడం. డిక్టేషన్‌లో అందరూ తలలు వంచుకుని రాస్తారు. తరగతి నిశ్శబ్దంగా ఉంటుంది. బయట నుంచి చూసే ప్రిన్సిపాల్‌కు క్లాసు బాగా జరుగుతున్నట్టే ఉంటుంది. కానీ అక్కడ చదువు ఆగిపోయింది.

అసలు ఇదే నగరం ఇలాంటి సమస్యను ఒకప్పుడు ఎలా ఎదుర్కొందో గుర్తు చెయ్యాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలని నిర్ణయించుకున్నప్పుడు టీచర్లను తరగతిలోకి పంపి మీ తిప్పలు మీరు పడండి అనలేదు. 1917లోనే అనువాద శాఖ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దానికి మొదటి అధిపతి. సైన్సుకు, గణితానికి, చరిత్రకు, న్యాయశాస్త్రానికి సంబంధించిన మాటలను కమిటీలు కూర్చుని తేల్చాయి, పాఠ్యపుస్తకాలు తయారు చేయించాయి. తరగతులు మొదలైంది 1919లో. అంటే పాఠం చెప్పేవాడు గదిలోకి అడుగుపెట్టేనాటికే అతని చేతికి అందించాల్సిన సరంజామా పని రెండేళ్ల ముందు నుంచి నడుస్తోంది. ఆ తర్వాత 1948లో పోలీసు చర్య జరిగింది, బోధనాభాష ఇంగ్లీషుకు మారింది. ఉర్దూలో చెప్పడానికి అలవాటుపడ్డ అధ్యాపకులు మరో భాషలో చెప్పాల్సి వచ్చింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చి తెలుగులో పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వేసింది. ఇంత కష్టం జరిగిన ఊరిది. ఆ ఉర్దూ పదకోశాలు, ఈ తెలుగు పదకోశాలు రెండూ ఉన్నాయి. వాటిలోంచి ఒక సెమిస్టరుకు కావలసిన ఓ డెబ్బై ఎనభై మాటలు మూడు భాషల్లో వేసి, రెండు కాగితాల మీద జిరాక్సు తీసి కొత్తగా వచ్చిన స్కాలర్ చేతికిస్తే అతని మొదటి నెల ఎంత తేలికవుతుంది! దీనికి నిధులు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. డిపార్ట్‌మెంటులో ఉర్దూ వచ్చిన ఒక మేడమ్, తెలుగు వచ్చిన ఒక సార్ ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది.

భాష ఒక్కటే కాదు, ఊరు కూడా తెలియాలి. తార్నాక హాస్టల్ నుంచి వచ్చే కుర్రవాడికి పాతబస్తీ క్యాలెండర్ తెలియదు. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీకా ఆలం ఊరేగింపు చాదర్‌ఘాట్ దాకా వెళుతుందనీ, దాని ముందు వెనక రోజుల్లో కొందరు పిల్లలు రాలేరనీ తెలియదు. ఆషాఢంలో బోనాల మర్నాటి సోమవారం ఘటాల ఊరేగింపు నయాపూల్ వైపు కదిలితే రోడ్లన్నీ బంద్ అని తెలియదు. రంజాన్ నెలలో మధ్యాహ్నం మూడింటికి ల్యాబు పెడితే ఉపవాసం ఉన్న పిల్లల కాళ్లు నిలవవని తెలియదు. అతను స్లిప్ టెస్టు పెడతాడు, రానివాళ్లకు సున్నా వేస్తాడు. పిల్లలకు కోపం వస్తుంది, అతనికి పిల్లలు బాధ్యత లేనివాళ్లన్న అభిప్రాయం పడిపోతుంది. హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవ్‌డీ ఆవరణలో నడిచే ఆడపిల్లల డిగ్రీ కళాశాల వంటి చోట అయితే మరో సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన అమ్మాయిలు ఎందరో అక్కడికి వస్తారు. వాళ్లలో ఒకరు ఉన్నట్టుండి నెల రోజులు రాకపోతే హాజరు కోయడానికి ముందు ఇంటి సంగతి విచారించాలి. ఈ మాటలు ఏ నియమావళిలోనూ రాసి ఉండవు. అక్కడ పదేళ్లు పనిచేసినవాళ్ల నోట వినాలి.

పేపర్లు దిద్దడం మరొక విద్య. అదీ ఎవరూ నేర్పరు. ఒకే జవాబుపత్రం ముగ్గురు కొత్తవాళ్లకు ఇచ్చి చూడండి, మూడు రకాల మార్కులొస్తాయి. ఒకరు చేతిరాత చూసి వేస్తారు, ఒకరు పేజీలు చూసి, ఇంకొకరు ఇంగ్లీషు చూసి. ముక్కలైన వాక్యాల్లో, తప్పుల ఇంగ్లీషులో సరైన ఆలోచన రాసిన పిల్లవాడు నష్టపోతాడు. పాతబస్తీలో అలాంటి పిల్లలు చాలామంది. దిద్దడానికి ముందు నలుగురు స్కాలర్లను కూర్చోబెట్టి, ఓ ఐదు పేపర్లు విడివిడిగా దిద్దించి, తేడా ఎక్కడొచ్చిందో మాట్లాడిస్తే ఒక్క పూటలో వచ్చే నేర్పు అది.

అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలను అడగండి. టీఏ, అంటే టీచింగ్ అసిస్టెంట్ పని, దొరికితే ఫీజు మాఫీ అవుతుందని, నెలనెలా స్టైపెండ్ వస్తుందని తల్లిదండ్రులందరికీ తెలుసు. ఆ టీఏకు ముందు ఏం జరుగుతుందో తక్కువమందికి తెలుసు. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్ మొదలవకముందే శిక్షణ ఉంటుంది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషులో తేటగా చెప్పగలరా లేదా అని పరీక్షిస్తారు, చాలకపోతే తరగతి పెట్టి నేర్పుతారు. మిషిగన్ విశ్వవిద్యాలయం 1962లోనే బోధన మీద పరిశోధించి, చెప్పేవాళ్లకు తోడ్పడే కేంద్రం పెట్టింది. అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. విస్కాన్సిన్‌లో 1960లలోనే టీచింగ్ అసిస్టెంట్లు సంఘం కట్టుకుని పోరాడారు. 2022 నవంబరులో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టీఏలు, పరిశోధకులు కలిసి 48,000 మంది సమ్మెకు దిగి జీతాలు పెంచుకున్నారు. మన కరీంనగర్ పిల్లవాడు టెక్సాస్‌లో చదువు చెప్పబోతే అక్కడి యూనివర్సిటీ ముందు వారం రోజులు కూర్చోబెట్టి నేర్పుతుంది. అదే పిల్లవాడు ఇక్కడే ఉండి నయాపూల్‌లో చెప్పబోతే మనం రూమ్ నంబరు ఇస్తాం. ఈ తేడా చెరిగిపోవాలి.

మన దగ్గర శిక్షణ సంస్థలు లేవనలేం. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. 2015లో వాటి పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని మార్చారు, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలని మళ్లీ మార్చారు. ఒక్క హైదరాబాద్‌లోనే ఉస్మానియాలో ఉంది, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో ఉంది, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మీడియం ఉపాధ్యాయుల కోసం ప్రత్యేకంగా మరో కేంద్రం కూడా ఉంది. ఇవన్నీ మొదటి నుంచి ఉద్యోగం వచ్చినవాళ్లను, ప్రమోషన్‌కు ఓరియంటేషన్ సర్టిఫికెట్ కావలసినవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెరిగాయి. పదిహేనేళ్లుగా చెబుతున్న మనిషికి చెప్పడం నేర్పే ముందు, రేపు పొద్దున మొదటి క్లాసు తీసుకోబోయే పిల్లకు నేర్పాలి. అలవాట్లు పడేది ఆ మొదటి ఏడాదిలోనే.

డబ్బు మాట ఎత్తకుండా ఈ ప్రసంగం ముగిస్తే అన్యాయం చేసినట్టే. జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చిన స్కాలర్‌కు 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. నెట్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరినవారికి 8,000. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏ ఫెలోషిప్పూ లేక, పీరియడ్ లెక్కన డబ్బులొచ్చే చోట పాఠాలు చెప్పుకుంటూ థీసిస్ రాసుకునేవాళ్లు చాలామంది. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చరుకు 1,500, నెలకు 50,000 దాకా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో చెప్పింది. ఆ రేటు ఎన్ని కళాశాలల గడప దాటిందో గెస్ట్ ఫ్యాకల్టీని అడిగితే చెబుతారు. సెలవులొస్తే డబ్బుండదు. బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియదు. మూడు నెలలుగా చేతికి రూపాయి రానివాడి దగ్గరికి వెళ్లి బోధనా నైపుణ్యం పెంచుకో అనడం నాకు తగదనిపిస్తుంది. నెలాఖరుకు డబ్బు అందడం, స్టాఫ్ రూములో కూర్చోవడానికి ఒక కుర్చీ, పుస్తకాలు పెట్టుకోవడానికి ఒక అర, చేసిన పనికి అనుభవ పత్రం. ఇవి శిక్షణలో మొదటి పాఠాలు. స్టాఫ్ రూములో కుర్చీ లేని టీచరు పిల్లల సందేహాలు తీర్చేది వరండాలోనే కదా.

డిపార్ట్‌మెంట్ హెడ్‌లు, గైడ్‌లు, ప్రిన్సిపాళ్లు ఈ మాటలు వింటుంటే వాళ్లకు నా మనవి ఇది. వచ్చే విద్యాసంవత్సరం మొదటి క్లాసుకు ముందు మీ స్కాలర్లను, గెస్ట్ ఫ్యాకల్టీని మూడు రోజులు పిలవండి. ఒక రోజు ల్యాబు, ఒక రోజు పేపర్లు, ఒక రోజు ఆ కళాశాల పిల్లల గురించి, ఆ ఊరి గురించి. ప్రతి ఒక్కరికీ ఒక సీనియర్‌ను జత చెయ్యండి. ఆ సీనియర్ సెమిస్టరులో మూడుసార్లు వెనక బెంచీలో కూర్చోవాలి, కొత్తవాళ్లు కూడా వెళ్లి సీనియర్ క్లాసులో కూర్చోవాలి. చూసిన సంగతి ఇద్దరి మధ్యే ఉండాలి. అది ఫైలులోకి ఎక్కితే ఆ రోజు నుంచి అది తనిఖీ అయిపోతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. రిటైరైన అధ్యాపకులు మన నగరంలో ఎంతోమంది ఉన్నారు. పిలిస్తే వస్తారు, నేనూ వస్తాను.

పరిశోధక మిత్రులకు ఒక్క మాట. ఎవరూ పిలవకపోతే మీరే వెళ్లి అడగండి. "మేడమ్, రేపు నా క్లాసుకు వచ్చి కాసేపు వెనక కూర్చుంటారా?" అని అడిగితే కాదనే టీచరు నాకు ఇంతవరకూ తారసపడలేదు.